పెట్టెలో దాచుకుంటారట

1934 జనవరి 17, బుధవారం. ఏలూరు.

ఈ పుస్తకం మిషను వారిది. ముందు వైపు నుంచి రిపోర్టు రాయాలి. ఎన్ని ఇళ్ళు తిరిగాం, ఎంతమంది విన్నారు, ఏ వాక్యం చెప్పాం, అదంతా. శనివారం శనివారం హార్వుడ్ దొరసాని గారు నాచేత చదివించుకుంటారు. పుస్తకం తిరగేసి వెనక నుంచి రాసుకునేది మాత్రం నాది. దొరసాని గారికి అచ్చులో ఉన్న తెలుగు చదవడం వచ్చు గానీ నా కోడికెలుకుడు రాత రాదు. అది నా అదృష్టం.

ఇవాళ తంగెళ్ళమూడిలో మొహిద్దీన్ సాయిబు గారింటికి వెళ్ళాం. తివాచీలు నేయించి లండను పంపిస్తారాయన. ముందు వైపు మగ్గాలు, వెనక వైపు ఘోషా. ఆ ఘోషాలోకి అడుగుపెట్టనిచ్చే పరాయివాళ్ళం మేమిద్దరమే. రెండేళ్ళ కిందట ఆయన భార్య సాబిరా రెండు రోజులు నొప్పులు పడి, మంత్రసాని చేతులెత్తేస్తే, మా దొరసాని గారు వెళ్ళి తల్లినీ పిల్లనీ దక్కించారు. ఆ పిల్లే షమీమ్. మళ్ళీ కడుపొస్తే నేను లేకుండా పురుడు పొయ్యొద్దు, ఎముకల కట్టు బాగా ఇరుకు, ప్రాణం పోతుంది అని ఆ రోజే హెచ్చరించారు. ఆ మాట తెలుగులో చెప్పింది నేనే. దొరసాని గారికి నోరు నేనే కదా, బైబిలు స్త్రీనని జీతమిచ్చేది అందుకే.

దొరసాని గారు నల్ల పెట్టె కెమెరా తెచ్చారు. వాళ్ళ దేశంలో కమిటీ వాళ్ళు క్రితం నెల ఉత్తరం రాశారు. ఘోషా పనిలో ఫలం కనబడటం లేదట, ఈ ఏడాది కూడా ఇంతే అయితే ఆ పని ఆపేసి బైబిలు స్త్రీని ఇంటికి పంపెయ్యమని. ఫలం కనబడటం లేదంట! వచ్చి ఎండలో తిరిగితే కనబడుతుంది. నన్ను ఇంటికి పంపడమంటే అత్తిలిలో మా అన్నయ్య దగ్గరికి. అన్నయ్య మంచివాడే. వదిన కూడా ఉంది, అదే చిక్కు.

సాబిరా బొమ్మ తీస్తామని అడగడానికి దొరసాని గారు ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చెప్పారు. నేను తెలుగులో రెండు చెప్పాను. తెలుగులో తక్కువ మాటలు చాలు. మేం గబగబా మాట్లాడుకునే తెలుగు ఆవిడకి అందదు.

సాబిరా ముఖం విప్పారింది. "నాక్కూడా ఒకటిస్తారా పుష్పమ్మక్కా? నేనెలా ఉంటానో చూసుకుంటాను" అంది. పెళ్ళినాటి జరీ ఓణీ కప్పుకుని, షమీమ్‌ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పెరట్లో ఎండకెదురుగా కూర్చుంది. అత్తగారు అజీజున్నీసా బేగం గారు ఎవరినో పరామర్శించడానికి వెళ్ళారు. ఆవిడ లేని పూట చూసుకుని వెళ్ళామని ఎవరైనా అనుకుంటారేమో. అలాంటిదేం లేదు. బుధవారం ఆవిడ ఉండరని నాకు తెలుసు, అంతే.

ముందు వైపు రిపోర్టులో "సాబిరా బేగం సంతోషముగా సమ్మతించెను" అని రాశాను. సంతోషంగానే కదా.

జనవరి 27, శనివారం.

దొరసాని గారు స్నానాల గదిలో తలుపులు బిగించుకుని తనే బొమ్మలు కడిగారు. ఒకటి సాబిరాకిమ్మని నా చేతికిచ్చారు. ఎంత బాగుందో! తల్లి నవ్వుతోంది, పిల్లేమో ఎండకి కళ్ళు గట్టిగా మూసేసుకుంది. నలగకుండా ఈ పేజీకి గంజితో అంటించాను. సోమవారం ఇస్తాను.

ఫిబ్రవరి 6, మంగళవారం.

కాలవగట్టు పాలెంలో నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పోయిన వారం దొరసాని గారు జ్వరానికిచ్చిన పొడి పొట్లాన్ని ఒక ముసలమ్మ విప్పకుండా మేక మెడకి కట్టింది. జబ్బు తనకి, తాయెత్తు మేకకి! దొరసాని గారు ముందు కోప్పడ్డారు, తరవాత చెట్టు చాటుకి వెళ్ళి ఏడ్చారు, తిరిగొచ్చి ఇంకో పొట్లం కట్టిచ్చారు. వాళ్ళమ్మగారికి బాగోలేదని నిన్న ఉత్తరం వచ్చింది. అది రాసి నెల అవుతుంది. ఇప్పుడు ఉన్నారో లేదో చెప్పేవాళ్ళెవరు? సాయంత్రం మాత్రం ఏమీ జరగనట్టు హార్మోనియం తీశారు. ఎలకలు తిత్తి కొట్టేశాయి. అప్పుడు ఇద్దరం నవ్వాం.

మార్చి 3, శనివారం.

బొమ్మ ఇంకా ఇందులోనే ఉంది. అజీజున్నీసా బేగం గారి కంటబడితే గొడవ. మంచి సమయం చూసి ఇవ్వాలి.

ఏప్రిల్ 10, మంగళవారం.

సాబిరాకి నాలుగో నెల. దొరసాని గారు పరీక్ష చేసి సెప్టెంబరు అన్నారు. ఈసారి మరీ జాగ్రత్తగా ఉండాలన్నారు. సాబిరా నా చెయ్యి పట్టుకుని, "దొరసాని గారు ఊళ్ళోనే ఉంటారు కదా అక్కా, అప్పటికి?" అని మూడుసార్లు అడిగింది. ఉంటారమ్మా అన్నాను. బొమ్మ ఏదని కూడా అడిగింది. ఇంకా కడగలేదని చెప్పాను. చిన్న మాట. దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

జూన్ 20, బుధవారం. తాడేపల్లిగూడెం.

సంవత్సరపు సభలు. పందిట్లో ఉక్కతో చచ్చిపోతున్నాం. పొద్దున్న పెద్ద దొరగారు వాళ్ళ దేశం నుంచి వచ్చిన మిషను పత్రిక పైకెత్తి అందరికీ చూపించారు. అట్ట మీద సాబిరా.

అట్ట నిండా సాబిరా ముఖమే, ఒళ్ళో షమీమ్. కింద పెద్ద అక్షరాలు. నాకొచ్చిన ఇంగ్లీషు ఆ మాటలకి చాలు. వెలుగును కనుగొన్న మహమ్మదీయ స్త్రీ, రహస్య విశ్వాసి.

అందరూ చప్పట్లు కొట్టారు. దొరసాని గారిని వేదిక మీదికి పిలిచారు, తరవాత నన్నూ పిలిచారు. మెళ్ళో బంతిపూల దండ వేశారు. అత్తిలి పాస్టరమ్మ గారు నన్ను కౌగిలించుకుని, "ధన్యురాలివే పుష్పమ్మా! ఇంక ఘోషా పని ఆపమనే మగాడెవడో చూద్దాం" అన్నారు. ఇన్నాళ్ళూ నేను కోరుకున్న మాటే అది. విన్నాక దండ తీసి చేత్తో పట్టుకున్నాను.

దొరసాని గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నేను ఈలాగు వ్రాయలేదు, పుష్పమ్మ. ఆమె శ్రద్ధగా వినుచున్నదని మాత్రమే వ్రాసితిని" అన్నారు. ఆవిడ తెలుగు అచ్చంగా పుస్తకం తెలుగు.

జూన్ 21, గురువారం. రైల్లో.

దొరసాని గారు శనివారం సాబిరా దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడుగుతారట. "అచ్చు వేయుటకు ఆమె ఒప్పుకొన్నది, అబద్ధమునకు ఒప్పుకొనలేదు" అన్నారు. భీమడోలు దాటేదాకా నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

సరే, రాస్తాను. రాస్తే తప్పేముంది, నేను తప్ప చదివేవాళ్ళు లేరు. ఆ రోజు దొరసాని గారు చెప్పమన్న నాలుగు వాక్యాలు ఇవి. ఈ బొమ్మ మా దేశం వెళ్తుంది. పత్రికలో అచ్చవుతుంది. మగవాళ్ళు కూడా చూస్తారు. ఇష్టం లేకపోతే వద్దని చెప్పవచ్చు.

నేను చెప్పినవి రెండు. దొరసాని గారు మీ బొమ్మ పెట్టెలో దాచుకుంటారట. మగవాళ్ళెవరూ చూడరు.

ఉన్నదున్నట్టు చెప్తే సాబిరా ఒప్పుకునేదా? ఒప్పుకోకపోతే కమిటీ ఊరుకునేదా? ఇంగ్లండు ఎక్కడ, తంగెళ్ళమూడి ఎక్కడ! అక్కడి కాగితం ఇక్కడికి వస్తుందని కల గన్నానా?

జూన్ 23, శనివారం.

దొరసాని గారిని ఆపాను. "కడుపుతో ఉన్న మనిషండి, మీరు వెళ్తే కంగారు పడిపోతుంది, నేను మెల్లిగా చెప్తాను" అన్నాను. ఒక్కదాన్నే వెళ్ళాను. సాబిరా సేమ్యా పాయసం పెట్టింది. ఏడో నెల, కాళ్ళకి నీరు పట్టింది. అజీజున్నీసా బేగం గారు తమలపాకుల పెట్టెతో పక్కనే కూర్చుని, "దొరసానమ్మ చేతిలో దేవుడు మంచి గుణం పెట్టాడు. సెప్టెంబరులో ఆవిడుంటే నాకు భయం లేదు" అన్నారు. రెండుసార్లు నోటిదాకా వచ్చింది. పాయసం తిని వచ్చేశాను.

"చెప్పితివా?" అన్నారు దొరసాని గారు. "చెప్పానండి. క్షమించింది" అన్నాను. ఆవిడ మోకరించి దేవునికి కృతజ్ఞతలు చెప్పారు. నేను కూడా పక్కన మోకరించాల్సి వచ్చింది.

చెప్పబోయాను. అంటే దాదాపు చెప్పినట్టే.

జూన్ 26, మంగళవారం.

నా మతి మండ, చదువుకునే గది సంగతే మరిచిపోయాను! మన మిషను వాళ్ళు బజారులో పెట్టిన ఆ గదికి కూడా ఒక పత్రిక వస్తుంది. ఊళ్ళో ఇంగ్లీషు వచ్చిన ప్లీడర్లు, గుమాస్తాలు సాయంత్రం అక్కడే చేరతారు. పరుగున వెళ్ళాను. గది చూసుకునే యోసేపు అప్పుడే టపా విప్పుతున్నాడు.

"ఏవండీ పుష్పమ్మ గారూ, మీరెప్పుడూ ఇటు రారే!"

"దొరసాని గారు ఆ పత్రిక తెమ్మన్నారు."

"అయ్యో, రిజిస్టరులో ఎక్కించి ఇస్తానండి."

"నువ్వు ఎక్కించేలోగా ఆవిడ నా తల తీసేస్తారు, ఇలా ఇవ్వు" అని లాక్కుని వచ్చేశాను. వంటింటి పొయ్యిలో పెట్టాను. అట్ట మందం, తొందరగా కాలలేదు. పుల్లతో పొడుస్తూ కూర్చున్నాను. సాబిరా ముఖం అన్నిటికన్నా ఆఖర్న కాలింది.

అయిపోయింది. ఇంక భయం లేదు.

జులై 12, గురువారం. కొల్లేరు.

లంకలు తిరుగుతున్నాం. వానలు ఇంకా గట్టిగా పడలేదు, నీళ్ళు తక్కువ, నాచు ఎక్కువ. మా పడవవాడు జోగారావు పొద్దున్నంతా గడ వేసీ వేసీ, "దిగి తోయాలండి అమ్మగారూ" అన్నాడు. దొరసాని గారు మోకాళ్ళ దాకా బురదలో దిగి తోశారు. జలగలు పట్టాయి. ఉప్పు వేసి నేనే ఊడదీశాను. లంకలో మాత్రం జనం విరగబడి వచ్చారు. నలభై మందికి కళ్ళలో మందు వేశారు. ఒకావిడ మాకు పెద్ద కొరమీను ఇచ్చింది. ఇవాళ మంచి రోజని దొరసాని గారు పాట పాడారు.

పడవలో నన్ను చూస్తూ, "నీవు కొంతకాలమునుండి సరిగా భుజించుట లేదు. ఏమి సంగతి?" అన్నారు. కొల్లేరంటే నాకు పడదన్నాను. అది నిజమే. మా ఆయన ఈ లంకల్లోనే బడి చెప్పి, ఈ జ్వరంతోనే పోయాడు. ఆయన పేరు చెప్పుకుని తప్పించుకున్నాను. ఛీ.

ఆగస్టు 8, బుధవారం. ఏలూరు.

మొహిద్దీన్ సాయిబు గారు బంగళాకి వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచారు. అదే అట్ట.

లండనులో ఆయన తివాచీలు కొనే దొర భార్య ఆ పత్రిక తెప్పించుకుంటుందట. మీ ఊరి బొమ్మ పడింది, సంతోషిస్తారని పంపుతున్నాను అని ఆ దొర వ్యాపారపు ఉత్తరంలో పెట్టి పంపాడు. సాయిబు గారి ఇంగ్లీషు ఉత్తరాలు విప్పి చదివేది గుమాస్తా హనుమంతరావు. ఆయనే విప్పాడు. ఆయనే చూశాడు. ఒళ్ళో షమీమ్‌ని చూసి ఎవరి బొమ్మో పోల్చుకున్నాడు. కింద మాటలకి అర్థం కూడా ఆయనే చెప్పాడు.

"ఆయన తలెత్తకుండా నా చేతికిచ్చాడండి" అన్నారు సాయిబు గారు. గొంతు పెద్దది చెయ్యలేదు. "రేపు ఇద్దరూ మా ఇంటికి రండి. మా అమ్మ ఎదుట ఒక్క మాట చెప్పాలి. తణుకు నుంచి మా మామ గారు లాల్ బాషా గారిని కూడా రమ్మన్నాను. అవసరమైతే ఆయన కూతుర్ని ఆయన తీసుకెళ్తారు."

తణుకు తీసుకెళ్తే సెప్టెంబరులో ఎవరున్నారక్కడ?

ఆగస్టు 9, గురువారం.

ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

ముందు గదిలో మగ్గాలు ఆపేశారు. రంగు ఉన్ని వాసన. సాయిబు గారు మాకు కుర్చీలు వేయించారు, మర్యాద తప్పలేదు. లాల్ బాషా గారు ఒక మూల తల వంచుకుని కూర్చున్నారు. వాకిట్లో ఆయన తెచ్చిన గూడుబండి ఉంది, ఎడ్లని విప్పలేదు. లోపలి గుమ్మానికి పరదా. పరదా వెనక సాబిరా గాజులు వినబడుతున్నాయి.

"దొరసాని గారూ" అన్నారు సాయిబు గారు, "నా ఇంట్లో రెండు ప్రాణాలు నిలబెట్టారు. ఆ విశ్వాసం నాకుంది. ఒక్కటే అడుగుతాను. ఈ బొమ్మ మగవాళ్ళు చూసే కాగితంలో వేస్తారని మా ఇంటావిడకి తెలుసా, తెలియదా? తెలిసే కూర్చుంటే ఇంక నేను మాట్లాడేదేం లేదండి. బండి సిద్ధంగా ఉంది."

నేను ఇంగ్లీషులో చెప్పాను. దొరసాని గారు వెంటనే లేచి నిలబడ్డారు. "చెప్పు పుష్పమ్మా. కింద మాటలు మా వాళ్ళు చేసిన పాపం, దానికి క్షమించమను. కానీ అచ్చు వేస్తామని ముందే చెప్పాం, ఆమె తెలిసి, ఇష్టపడి ఒప్పుకుంది" అన్నారు ఇంగ్లీషులో. సాబిరాని వెనకేసుకొస్తున్నాననే అనుకున్నారు, పాపం. ఆ మాటే సాబిరా మెడకి ఉరి అని ఆవిడకి తెలియదు.

అది తెలుగులో అంటే సాబిరా బండి ఎక్కాలి. అనకుండా ఇంకోటి చెప్పొచ్చు, అదీ నాకు అలవాటే. దొరసానే మోసం చేసిందని తెలుగులో చెప్పి, ఆవిడకి ఇంగ్లీషులో ఇంకేదో చెప్పి బయటపడొచ్చు. ఆ ఆలోచన నిజంగానే వచ్చింది. రాయడానికి సిగ్గేస్తోంది గానీ వచ్చింది.

అప్పుడు పరదా వెనక నుంచి సాబిరా, "పుష్పమ్మక్కా, ఆ రోజు మీరు నాతో ఏమన్నారో అదే చెప్పండి" అంది. నన్ను నమ్మే అంది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

"సాబిరమ్మకి తెలియదండి" అన్నాను. "దొరసాని గారు అన్నీ చెప్పమన్నారు. నేనే చెప్పలేదు. పెట్టెలో దాచుకుంటారట, మగవాళ్ళెవరూ చూడరు అని నేనే కల్పించి చెప్పాను. నా ఉద్యోగం పోతుందని చెప్పాను. తప్పు సాబిరమ్మది కాదు, దొరసాని గారిదీ కాదు. నాదండి."

తరవాత దొరసాని గారి వైపు తిరిగి అదే ఇంగ్లీషులో చెప్పాను. జూన్‌లో చెప్పానన్నది కూడా అబద్ధమే అని చెప్పాను. ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయారు.

పరదా వెనక నుంచి అజీజున్నీసా బేగం గారు, "అన్నయ్య గారూ, బండి వెనక్కి తిప్పించేయండి. నా కోడలు ఎక్కడికీ వెళ్ళదు" అన్నారు. లాల్ బాషా గారు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. బేగం గారు కొడుకుని పిలిచారు. "మొహిద్దీన్, ఈవిడ మళ్ళీ మన గుమ్మం తొక్కకూడదు. దొరసాని కూడా వద్దు. ఆవిడ మంచిదే కావచ్చు, ఆవిడ మాట ఏ నోటి మీదుగా వస్తుందో మనకేం తెలుస్తుంది? కాన్పుకి మంత్రసాని ఉంది."

లోపల సాబిరా ఏడుపు మొదలైంది. మేం బయటికి వచ్చేశాం.

ఆగస్టు 11, శనివారం.

రిపోర్టు చదవమన్నారు. జనవరి 17 తీసి, నేను రాసింది కొట్టేసి జరిగింది రాసి, పైకి చదివాను. దొరసాని గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. "పుష్పమ్మ, నేను నీ నోటితో మాట్లాడితిని. కనుక ఆ అబద్ధము నాది కూడాను. మూడు సంవత్సరములైనను నీ భాష నేర్చుకొనక, నీ మీదనే ఆధారపడితిని" అన్నారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండును.

ఆ బొమ్మ ఫిల్ము సాయిబు గారికి పంపేశారు. తప్పు దిద్ది అచ్చు వేయమని వాళ్ళ దేశానికి రాశారు. కమిటీకి కూడా ఉన్నదున్నట్టు రాశారు. సెప్టెంబరు పదిహేను నుంచి నాకు ఏలూరులో పని లేదు. కొల్లేరు లంకలో బడికి వెళ్ళాలి. మా ఆయన చెప్పిన బడే.

ఆగస్టు 27, సోమవారం.

తంగెళ్ళమూడి కబురు లేదు. దొరసాని గారు రోజూ సామాను పెట్టె విప్పి, కత్తెరలు ఉడికించి, మళ్ళీ సర్దుతున్నారు. ఎవరూ పిలవలేదు కదండీ అంటే, నాకు కూడా తెలుసు అంటారు.

సెప్టెంబరు 5, బుధవారం.

సందు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాను. గుమ్మం తొక్కకూడదన్నారు గానీ సందు తొక్కకూడదనలేదు.

సెప్టెంబరు 12, బుధవారం.

నిన్న పొద్దున్న తొమ్మిదింటికి జట్కా వచ్చింది. తమ్మిలేరు పొంగి రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయి. సాబిరాకి ముందు రోజు నుంచి నొప్పులు. మంత్రసాని మళ్ళీ చేతులెత్తేసింది. అజీజున్నీసా బేగం గారి కబురు ఒకటే, దొరసాని ఒక్కరే రావాలి.

సామాను పెట్టె మోస్తానని నేనూ జట్కా ఎక్కాను. దొరసాని గారు వద్దనలేదు. ఆవిడ లోపలికి వెళ్ళారు. నేను బయట వాకిట్లో చూరు కింద నిలబడ్డాను. వాన. సాబిరా కేకలు వీధిలోకి వినబడుతున్నాయి. మధ్య మధ్య దొరసాని గారి గొంతు, "ఓ సాబిరా, నీవు ఇప్పుడు ప్రయాసపడకుము! ఎడమ ప్రక్కకు తిరుగుము!" ఆవిడ తొందరలో సగం తెలుగు, సగం ఇంగ్లీషు అయిపోయింది. ఆడవాళ్ళు అటు తిప్పబోయి ఇటు తిప్పుతున్నారు. ఆవిడ అరుస్తున్నారు, వాళ్ళు అరుస్తున్నారు. నేను గోడకి తల కొట్టుకున్నాను.

పరదా కదిలింది. అజీజున్నీసా బేగం గారు చేతులకి నెత్తురుతో గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమంటోందీవిడ?"

నేను గబగబా లోపలికి వెళ్ళబోయాను.

"అక్కడే ఉండు. అక్కణ్ణుంచే చెప్పు. ఆవిడ అన్నదే చెప్పాలి. ఒక్క ముక్క కలిపావో, దేవుడు చూస్తున్నాడు."

దొరసాని గారు లోపల నుంచి ఇంగ్లీషులో అరవడం, నేను వాన చప్పుడు మీద తెలుగులో అరవడం. ఊపిరి బిగబట్టొద్దు. ఎడమ పక్కకి తిప్పండి. మోకాలు పైకి పట్టుకోండి. వేడినీళ్ళు. ఇంకా వేడినీళ్ళు. గొంతు పోయింది. ఎంతసేపో తెలియదు.

ఒకసారి దొరసాని గారు ఆగారు. తరవాత పరదా దగ్గరికొచ్చి, నాకు మాత్రమే తెలిసేలా ఇంగ్లీషులో అన్నారు. ఇద్దరినీ కాపాడలేకపోవచ్చు, ఒక్కరినే అయితే ఎవరినో అత్తగారిని అడుగు, తొందరగా.

పర్లేదంటున్నారండి, ధైర్యంగా ఉండమంటున్నారు అని చెప్పడం ఎంత తేలిక! సాబిరా వింటోంది. గుమ్మంలో అత్తగారు నా ముఖంలోకే చూస్తున్నారు. నా పెదవుల మీదికి వచ్చింది కూడా, ఆ తేలిక మాట.

"ఇద్దరినీ కాపాడలేకపోవచ్చంటున్నారండి" అన్నాను. "ఒక్కరినే అయితే ఎవరినని మిమ్మల్ని అడగమన్నారు."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. లోపల సాబిరా, "బిడ్డని..." అని ఏదో అనబోయింది. ఆవిడ గట్టిగా, "నా కోడల్ని కాపాడమను" అన్నారు. నేను అరిచాను. ఒక్క ముక్క కలపలేదు.

మధ్యాహ్నం రెండు దాటాక బిడ్డ ఏడుపు వినబడింది. ముందు పిల్లి కూతంత, తరవాత గట్టిగా. సాబిరా గొంతు వినబడలేదు. కాసేపటికి సాబిరా మంచినీళ్ళు అడిగింది. ఆ ఒక్క మాటకి నాకు ఏడుపు ఆగలేదు.

అజీజున్నీసా బేగం గారు వచ్చారు. చేతులు కడుక్కున్నారు, కొంగు తడిగా ఉంది.

"మగపిల్లాడు. ఇద్దరూ ఉన్నారు."

"దేవుడు చల్లగా చూశాడండి."

"లోపలికి రమ్మనను."

"రానండి."

"ఆ బొమ్మలు ఇంకేమైనా ఉన్నాయా?"

లేవని చెప్పొచ్చు. "ఒక్కటుందండి. సాబిరమ్మకిమ్మని దొరసాని గారిచ్చారు. జనవరి నుంచి నా దగ్గరే ఉంది" అన్నాను. సంచిలోంచి ఈ పుస్తకం తీసి, ఆ పేజీ నుంచి బొమ్మ ఊడదీశాను. గంజి గట్టిగా పట్టుకుంది, వెనకాల కాగితం కూడా చినిగి వచ్చింది.

ఇప్పుడు చించేస్తారు అనుకున్నాను. ఆవిడ చూరు కిందికి, వెలుతురులోకి వచ్చి చూశారు. మనిషి బొమ్మ ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. చాలాసేపు చూశారు.

"షమీమ్ కళ్ళు మూసేసుకుందే" అన్నారు.

"ఎండ పడింది కదండీ."

ఆవిడ నవ్వలేదు. చంకలో ఉన్న తమలపాకుల పెట్టె మూత తీసి, ఆకుల కింద బొమ్మని పెట్టి, మూత నొక్కారు.

"నా పెట్టెలో దాచుకుంటాను. మగవాళ్ళెవరూ చూడరు" అన్నారు. నా వైపు చూస్తూనే అన్నారు. తరవాత పరదా వేసేశారు.

నేను పిల్లాణ్ణి చూడలేదు. శనివారం పొద్దున్న కొల్లేరు పడవ. ఆవిడ అన్నది అన్నట్టే రాశాను, ఒక్క ముక్క కలపలేదు.